అన్నీ కలిపేనా?

అద్దె ఎంతని అడిగాక మనవాళ్ల నోటి నుంచి వెంటనే వచ్చే రెండో ప్రశ్న ఒకటుంది- ‘కరెంటు, నీళ్లు కలిపేనా?’ అని. ఆ ‘కలిపే’లో ఏమేం కలుస్తాయన్నది ఊరినిబట్టి ఉంటుంది. తెనాలిలో పాత ఇంట్లో ఓ వాటా తీసుకుంటే దొడ్లో బావి, కరివేపాకు చెట్టు, ఇంటివాళ్ల పెద్దావిడ సలహాలు కలిపే వస్తాయి. హైదరాబాద్‌లో ఒకప్పుడు టులెట్ బోర్డు మీద ‘మంజీరా నీళ్లు’ అని ఒక్క ముక్క రాస్తే అద్దె ఓ మెట్టు పైకెక్కేది. మెయింటెనెన్స్ మాత్రం చాలాచోట్ల విడిగానే. ఇందులో ఎవరికీ అయోమయం లేదు. అడుగుతారు, చెబుతారు, కాస్త బేరమాడతారు, సామాను దింపుకుంటారు.

ఇదే బేరం ఇంగ్లిషులో జరిగితే? అప్పుడు ఏ దేశపు ఇంగ్లిషు అన్నది ముందు తేల్చుకోవాలి. తెనాలి దగ్గర జిల్లాపరిషత్ హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు ఇంగ్లిషు పాఠాలు చెప్పి, 2010లో రిటైరైన మాస్టారొకరికి ఆ సంగతి పిల్లల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాకే తెలిసింది.

పెద్దమ్మాయిది టొరంటో. అబ్బాయి ముందు సింగపూర్‌లో ఉండి, తర్వాత మెల్‌బోర్న్ వెళ్లాడు. చిన్నమ్మాయిది న్యూజెర్సీ. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు అట్ట ఊడిపోయేదాకా నమిలిన మనిషి కాబట్టి, భాష దగ్గర ఇబ్బంది వస్తుందని మాస్టారు కలలో కూడా అనుకోలేదు. ‘విమానం ఎక్కడం వరకే నీకు భయం. దిగాక మాట్లాడే పని నాది’ అని భార్యకు ధైర్యం చెప్పారు.

2012 వేసవిలో టొరంటో. అమ్మానాన్నా వస్తున్నారని కూతురూ అల్లుడూ కాస్త పెద్ద ఇల్లు వెతుకుతున్నారు. ప్రకటనలు చదివే పని మాస్టారు తీసుకున్నారు. ఒకదాంట్లో ‘హీట్ అండ్ హైడ్రో ఇన్‌క్లూడెడ్’ అని కనిపించింది. హైడ్రో అంటే గ్రీకు భాషలో నీళ్లు. హైడ్రోజన్, హైడ్రాలిక్స్, హైడ్రోఫోబియా... భార్యకు విడమరచి చెప్పారు. ‘నీళ్లు ఎంత వాడినా అద్దెలోనే. కరెంటే మనవాళ్లు కట్టుకోవాలి’ అని. ఆ ఇంట్లోకే మారారు. ఆవిడ నిశ్చింతగా నీళ్లు వాడుకున్నారు. మాస్టారు మాత్రం అల్లుడి డబ్బు ఆదా చేద్దామని గదిగదికీ తిరిగి లైట్లు ఆర్పడం పెట్టుకున్నారు... మనవడు బొమ్మలేసుకుంటున్నా సరే! నెల తిరిగాక అమ్మాయి నవ్వాపుకోలేక చెప్పింది- ‘నాన్నా, ఇక్కడ హైడ్రో అంటే కరెంటు. అదే అద్దెలో కలిసింది!’

నయాగరా జలపాతం దగ్గర తీసే కరెంటును ఊళ్లకు పంచడానికి ఒంటారియో ప్రభుత్వం 1906లో హైడ్రో ఎలక్ట్రిక్ పవర్ కమిషన్ అని ఒక సంస్థ పెట్టింది. అంత పొడుగు పేరులో జనం నాలుక మీద ‘హైడ్రో’ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఆ రాష్ట్రానికి అణువిద్యుత్తే ఎక్కువగా దిక్కు. అయినా కరెంటుబిల్లు పేరు మారలేదు. మనమేం తక్కువ తిన్నామా? 1999లో మన విద్యుత్ బోర్డును ముక్కలు చేసి కొత్త పేర్లు పెట్టినా జనానికి కరెంటాఫీసు కరెంటాఫీసే.

మాస్టారికి ఇది చిన్నతనంగా అనిపించి ఉండాలి. ఆ రాత్రే పాఠాల నోట్సు రాసుకునే పొడుగాటి నోటుబుక్కు లాంటిదే ఒకటి తెప్పించుకుని, మొదటి పేజీలో ‘హైడ్రో’ అని రాసి కింద గీత గీశారు. రెండో పేజీకి ఎంతోకాలం పట్టలేదు. పేపర్లో ‘బ్యాచిలర్ ఫర్ రెంట్’ అని చూసి ఆవిడ నోరు నొక్కుకున్నారు- ‘ఇదేం దేశమే అమ్మా, పెళ్లికొడుకుల్ని అద్దెకిస్తారా?’ అని. ఒకటే గది, అందులోనే మంచం, పొయ్యి ఉన్న ఇంటిని కెనడావాళ్లు బ్యాచిలర్ అంటారు. దాన్నే అమెరికాలో స్టూడియో అనో ఎఫిషియెన్సీ అనో అంటారు. లండన్‌లో బెడ్‌సిట్ అంటే చాలాసార్లు బాత్‌రూము పక్కవాళ్లతో పంచుకోవాల్సి ఉంటుంది. ఇక మాంట్రియల్‌లో ‘మూడున్నర’ అంటే మూడు గదులు, బాత్‌రూము అరగది. మన సింగిల్ బెడ్‌రూమ్, హాలు, కిచెన్ లెక్కే ఇది. కాకపోతే మనం లెక్కలోకే తీసుకోని బాత్‌రూముకు అక్కడ అరమార్కు వేశారు. లెక్కల మాస్టారైతే సంతోషించేవారు.

పబ్బు, దేవుడు

2014లో సింగపూర్. అబ్బాయి మరో ఇద్దరు తెలుగు కుర్రాళ్లతో కలిసి ఒక ఫ్లాట్లో గది తీసుకున్నాడు. ఆ గది ప్రకటన కాయితం బల్ల మీద ఉంటే తల్లి చదివారు. పదో తరగతి పాసైన ఆవిడకు మూడక్షరాల ఇంగ్లిషు ముక్క చదవడం కష్టం కాదు. ‘పబ్ ఇన్‌క్లూడెడ్.’ ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. ‘ఏమండీ, వీడు తాగుడు కలిపి ఇల్లు తీసుకున్నాడు’ అని భర్త చెవిలో చెప్పి కళ్లొత్తుకున్నారు. అది పబ్బు కాదు, పి.యు.బి. పబ్లిక్ యుటిలిటీస్ బోర్డుకు పొట్టిపేరు. 1963లో పెట్టినప్పుడు నీళ్లు, కరెంటు, గ్యాస్ అన్నీ దాని కిందే ఉండేవి. 1995లో కరెంటునూ గ్యాస్‌నూ వేరే కంపెనీకి అప్పగించారు. ఇప్పుడు పి.యు.బి. చూసేది నీళ్ల సంగతే. కానీ గది అద్దెకిచ్చేవాళ్లు మొత్తం బిల్లులన్నిటికీ పాతపేరే వాడుతుంటారు. ఈ చరిత్రంతా అబ్బాయి చెప్పాక గానీ ఆవిడ ముద్ద ముట్టలేదు.

అదే ఏడాది మాస్టారి బావమరిది కొడుకు దుబాయ్ నుంచి ఫోన్లో తన కొత్త ఇంటి గురించి చెబుతూ ‘దేవా కలిపే మావయ్యా, చిల్లర్ ఫ్రీ’ అన్నాడు. దేవా అంటే దేవుడి గది కాబోలనుకున్నారు ఆవిడ. చిల్లర ఎవరైనా ఎందుకు ఊరికే ఇస్తారో మాత్రం అర్థం కాలేదు. దేవా అనేది దుబాయ్ విద్యుత్, నీటి సంస్థ పేరులోని మొదటి అక్షరాలు. చిల్లర్ అంటే బిల్డింగంతటికీ కలిపి చల్లగాలి పంపే యంత్రం. ఆ ఎండల్లో ఏసీ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నది చిన్న విషయం కాదు. అందుకే అక్కడి ప్రకటనల్లో ‘చిల్లర్ ఫ్రీ’ అన్న ముక్కకు అంత విలువ.

దుబాయ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పుకోవాలి. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచీ, కోనసీమ, కడపల నుంచీ పనికోసం వెళ్లిన ఎందరికో ఇల్లూ ఫ్లాటూ అన్న మాటలతోనే పని పడదు. వాళ్లకు తెలిసిన మాట ‘బెడ్ స్పేస్’. గదిలో ఒక మంచం, ఆ మంచం పక్క ప్లగ్గు, వంటింట్లోనూ బాత్‌రూములోనూ వంతు. కరెంటు, నీళ్లు కలిపే. ఇంగ్లిషు ప్రకటనల్లో ‘అన్నీ కలిపి’ అన్నది ఇంత తక్కువ చోటుకు ఇంకెక్కడా వాడి ఉండరు.

మెల్‌బోర్న్‌లో 2016లో రెండు మాటలు నోటుబుక్కుకు ఎక్కాయి. అద్దె వారానికి చెబుతారు. నెలకనుకుని ‘చౌకేరా’ అన్న తల్లిని చూసి కొడుకు దిగులుగా నవ్వాడు. రెండోది, ‘బాడీ కార్పొరేట్’ ఫీజు. మన మెయింటెనెన్స్ లాంటిదే అది, ఇల్లుగలవాళ్లు కడతారు. 2006లో వచ్చిన చట్టంతో అక్కడ దాని పేరు ‘ఓనర్స్ కార్పొరేషన్’గా మార్చారు గానీ జనం నోట్లోంచి బాడీ పోలేదు. సిడ్నీలో అదే ‘స్ట్రాటా’. లండన్‌లో ‘సర్వీస్ చార్జ్’. ఈ చివరి మాట మహా మోసకారి. హైదరాబాద్ హోటలు బిల్లులో సర్వీస్ చార్జ్ అంటే వడ్డించినవాళ్ల పేరున వేసేది. లండన్ ఫ్లాటుకు వేల పౌన్లు సర్వీస్ చార్జ్ కట్టినా మీ గది ఊడ్చడానికి ఎవరూ రారు. అది మెట్లకూ లిఫ్టుకూ పైకప్పుకూ!

అత్తగారి వాటా, అమ్మమ్మ ఇల్లు

మాస్టారి నోటుబుక్కులో అన్నిటికన్నా ఎక్కువసార్లు కొట్టేసి తిరగరాసిన పేజీ ఒకటుంది. ఇల్లు పెద్దదై, పక్కనో కిందనో పెద్దవాళ్లుండటానికి వేరే తలుపు, చిన్న వంటగదితో కట్టిన భాగాన్ని ఏమంటారన్నది. న్యూజెర్సీలో చిన్నమ్మాయి 2018లో ఇల్లు కొంటున్నప్పుడు ఏజెంటు దాన్ని ‘మదర్ ఇన్ లా సూట్’ అన్నాడు. ఆస్ట్రేలియాలో అదే పెరట్లో ఉంటే ‘గ్రానీ ఫ్లాట్’. ఇంగ్లండులో ‘గ్రానీ అనెక్స్’. ఒకే గది ఒక దేశంలో అత్తగారిది, ఇంకో దేశంలో అమ్మమ్మది. ‘గదిలో ఉండేది ఒకే మనిషి కదండీ. పిలిచేవాళ్లను బట్టి పేరు’ అన్నారు ఆవిడ. మాస్టారు ఆ ముక్క కూడా రాసుకున్నారు.

అమెరికాలో ‘యుటిలిటీస్ ఇన్‌క్లూడెడ్’ అన్నది కూడా తరచి అడగాల్సిన మాటే. న్యూయార్క్‌లో చాలా పాతభవనాల్లో అద్దెలో కలిసేది గది వెచ్చదనం, వేణ్నీళ్లు. కరెంటు విడిగా. అక్టోబరు 1 నుంచి మే 31 వరకు ఇంటివాళ్లు గదులు వెచ్చగా ఉంచి తీరాలని ఆ నగరంలో నిబంధన ఉంది. పగలు బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గితే లోపల 68కి తగ్గకూడదు. మన దగ్గర నీళ్ల టాంకరు కోసం పోట్లాడినట్టు అక్కడ వెచ్చదనం కోసం ఫిర్యాదులు చేస్తారు.

అన్నట్టు, వంటా వడ్డనా ఊడ్పూ అన్నీ అద్దెలోనే అనే ఆలోచన ఇప్పటిది కాదు. న్యూయార్క్‌లో నూటపాతికేళ్ల కిందటే ‘అపార్ట్‌మెంట్ హోటల్’ అనేవి లేచాయి. 1904లో పూర్తయిన ఆన్సోనియా అలాంటిదే. దాని డాబా మీద కోళ్లనూ బాతులనూ పెంచి, గుడ్లు కింద అద్దెకున్నవాళ్లకు పంపేవారు. 1907లో ఆరోగ్యశాఖవాళ్లు వచ్చి ఆ వ్యవసాయం కట్టిపెట్టించారు. అలాంటి హోటళ్లలో చాలా వాటాలకు వంటగది ఉండేది కాదు. భోజనం కింది నుంచే. ఇంగ్లండులో వాటిని ‘సర్వీస్ ఫ్లాట్’ అనేవారు. లండన్ హ్యాంప్‌స్టెడ్‌లో 1934లో తెరిచిన లాన్ రోడ్ ఫ్లాట్స్‌లో ఊడ్చడం, బట్టలుతకడం, చివరికి బూట్లకు పాలిష్ పెట్టడం కూడా ఏర్పాటులో ఉండేది. వాటాలో ఉండేది ఓ బుల్లి వంటగది, అసలు వంట కింద. డిటెక్టివ్ నవలల అగాథా క్రిస్టీ 1941 నుంచి ఆరేళ్లు అక్కడే ఉన్నారు. ఆవిడ నవలలంటే ప్రాణం పెట్టే మాస్టారికి ఈ వివరం దొరికిన రోజు పండగే. ‘పొయ్యి లేకుండా ఇల్లెలా అవుతుంది?’ అన్నది భార్య సందేహం. చట్టాలు చేసేవాళ్లను కూడా తికమకపెట్టిన ప్రశ్నే అది. ఏది ఇల్లు, ఏది హోటలు అని గీత గీయాల్సి వచ్చిన ప్రతిచోటా పొయ్యి దగ్గరికో, ఎన్నాళ్లుంటారన్న లెక్క దగ్గరికో రావాల్సివచ్చింది. సింగపూర్‌లో అయితే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్‌లో కనీసం ఏడు రోజులుండాలి. అంతకన్నా తక్కువంటే హోటలుకు పొమ్మంటారు.

ఆ ‘సర్వీస్డ్ అపార్ట్‌మెంట్’ అన్న మాటే చివరికి ఈ ఇంట్లో దుమారం లేపింది.

2022లో ఆవిడకు రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయ్యాయి. తెనాలి ఇంటికి వీధి గుమ్మం దగ్గరే ఏడు మెట్లు. 2023 వానాకాలంలో ఓ రాత్రి బాత్‌రూములో జారిపడ్డారు. ఎముక విరగలేదు కానీ, ఆవిడను లేవదీయడం మాస్టారి వల్ల కాలేదు. తెల్లారి పాలవాడు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూచున్నారు. ఈ సంగతి పిల్లలకు చెప్పొద్దనుకున్నారు. పాలవాడే చెప్పాడు.

వారం తిరక్కుండా మెల్‌బోర్న్ నుంచి కొడుకు ఫోను. ‘నాన్నా, హైదరాబాద్ శివార్లలో మీ ఇద్దరికీ మంచి సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ చూశాను.’ మాస్టారు సంతోషించారు. మోకాళ్ల ఆపరేషన్ అప్పుడు గచ్చిబౌలిలో అలాంటి దాంట్లోనే మూడు వారాలున్నారు. మన దగ్గర దాన్ని సర్వీస్ అపార్ట్‌మెంట్ అంటాం, చివరి ‘డ్’ ఎప్పుడో రాలిపోయింది. కంపెనీ పనిమీద వచ్చిన కుర్రాళ్లు, ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్లు దిగుతారు. రోజూ దుప్పటి మారుస్తారు. దుబాయ్‌లో దీన్ని హోటల్ అపార్ట్‌మెంట్ అంటారు. అమెరికాలో కార్పొరేట్ హౌసింగ్ అనో ఎక్స్‌టెండెడ్ స్టే అనో అంటారు. నోటుబుక్కులో అంతా ఉంది. ‘పదిహేను రోజులకా? నెలకా?’ అని అడిగారు హుషారుగా.

అవతల కాసేపు నిశ్శబ్దం. ‘అలా కాదు నాన్నా... ఉండిపోవడానికి.’

ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ల కోసం కట్టే రిటైర్మెంట్ విలేజ్‌లలో సాధారణంగా రెండు రకాల ఇళ్లుంటాయి. తమ పనులు తామే చేసుకునేవాళ్లకు ఇండిపెండెంట్ లివింగ్ యూనిట్. భోజనం, ఊడ్పు, బట్టలు చూసిపెడుతూ, గోడకు పిలుపు గంట పెట్టి ఇచ్చేది సర్వీస్డ్ అపార్ట్‌మెంట్. కొడుకు ఏడేళ్లుగా వింటున్నది ఆ అర్థంలోనే. తండ్రికి తెలిసింది దుప్పటి మార్చే అర్థం. మాట ఒకటే. మధ్యలో ఐదారు వేల మైళ్లు.

ఆ ఆదివారం ముగ్గురు పిల్లలూ వీడియో కాల్‌లోకి వచ్చారు. చిన్నమ్మాయి ‘అసిస్టెడ్ లివింగా?’ అని ఏడుపు మొదలుపెట్టింది. ఆమె ఉండేచోట ఆ మాటకు అర్థం- స్నానానికీ మందులకూ ఒకరి సాయం కావాల్సిన స్థితి. ‘అమ్మకు అంత బాగోలేదా? నాకెందుకు చెప్పలేదు?’ అని తమ్ముడి మీద విరుచుకుపడబోయి, వాడు అన్నయ్యని గుర్తొచ్చి తగ్గింది. ‘రిటైర్మెంట్ హోమ్ వేరు, లాంగ్ టర్మ్ కేర్ వేరు. రెండూ కలపొద్దు’ అని టొరంటో నుంచి అక్క. ‘ఇక్కడ పాతవాళ్లు దాన్ని హాస్టల్ అనేవాళ్లు తెలుసా’ అన్నాడు కొడుకు. అది నిజమే. ఆస్ట్రేలియాలో 1997 చట్టం వచ్చేదాకా కొద్దిపాటి సాయం కావాల్సిన వృద్ధులుండే చోటును హాస్టలనే అనేవారు. ‘హాస్టలేమిట్రా మాకు, ఇంటర్ చదువుతున్నామా?’ అన్నారు మాస్టారు. ఎవరూ నవ్వలేదు.

‘ఏదైనా సరే గానీ, నర్సింగ్ హోమ్ మాత్రం కాదు కదా?’ అంది చిన్నమ్మాయి ముక్కు చీదుతూ.

ఇప్పటిదాకా మాట్లాడని తల్లి అప్పుడు అందుకున్నారు. ‘నర్సింగ్ హోమ్ అయితే ఏమైందే? మీరు ముగ్గురూ పుట్టింది నర్సింగ్ హోమ్‌లోనే కదా!’

అక్కడ ఆ మాట చెబితే మనిషి ఆఖరి మజిలీ. గుంటూరు, తెనాలి వీధుల్లో ఆ బోర్డు కింద నుంచి ఉయ్యాల బిడ్డలు బయటికొస్తారు. పిల్లలు ముగ్గురూ ఏం చెప్పాలో తోచక తెరల్లో అలా ఉండిపోయారు.

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. క్లాసులో ఎవరూ హోంవర్క్ చేసుకురానప్పుడు మాట్లాడే గొంతుతో అన్నారు- ‘ఒరేయ్, ఒక పని చేయండి. ఇంగ్లిషు ముక్క లేకుండా చెప్పండి. మాకు ఎవరు ఏం చేస్తారు? ఎప్పుడు చేస్తారు? ఎంత తీసుకుంటారు? అసలెందుకు వెళ్లాలి?’

మొదటి మూడూ తడుముకుంటూ చెప్పారు. నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయారు. సర్వీస్, కేర్, సపోర్ట్, లివింగ్... ఈ మాటల్లో దేనికీ చెమ్మ ఉండదు. అవి తీసేశాక చెప్పడానికి మిగిలింది చిన్న విషయం. కొడుకే చెప్పాడు. ‘రాత్రిపూట అమ్మ మళ్లీ పడితే నువ్వొక్కడివే ఉంటావు నాన్నా. టిక్కెట్ వెంటనే దొరికినా నేను ఇంటికొచ్చేసరికి రోజున్నర పడుతుంది. నేను రాలేను. అక్క రాలేదు, చెల్లీ రాలేదు. మీరు ఇక్కడికొచ్చి ఉండనంటారు.’

‘ఉండం’ అన్నారు ఆవిడ.

‘అయితే మరి?’

‘అయితే చూద్దాం పదండి, ఆ ఇల్లేమిటో’ అని మాస్టారి వైపు తిరిగారు.

2024 జనవరిలో వెళ్లి చూశారు. మాస్టారి చేతిలో నోటుబుక్కు. అక్కడి మేనేజరు మర్యాదస్తుడు. ‘అంతా ఆల్ ఇన్‌క్లూజివ్ అండీ’ అన్నాడు. ‘అంటే ఏవేవి?’ అని ఈయన. మూడుపూటలా భోజనం, ఊడ్పు, బట్టలు, గోడకు గంట, పిలిస్తే నర్సు... వీటికి అద్దెలోనే. కరెంటు మీటరు విడిగా. ఫిజియోథెరపీ విడిగా. మంచం పక్కన మనిషి కావాలంటే రోజు లెక్కన విడిగా. చుట్టాలొస్తే వాళ్ల భోజనానికి కూపన్లు. మాస్టారు కాయితాన్ని రెండుగా మడిచి ఒకవైపు ‘కలిపి’, ఇంకోవైపు ‘విడిగా’ అని రాసుకుంటూ పోయారు. ‘విడిగా’ వైపు చాలక వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

ఆ కాయితం చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. చేసుకోగలిగినవాడికి చేసిపెట్టేది సర్వీసు, అది అద్దెలో ఉంది. చేసుకోలేనివాడికి చేయాల్సింది కేర్. అది విడిగా ఉంది. ఇంగ్లండులోనూ ‘ఎక్స్‌ట్రా కేర్ హౌసింగ్’ అనే ఇళ్లలో అద్దె ఒక పద్దు, సర్వీస్ చార్జ్ ఒక పద్దు, కేర్ చార్జ్ ఇంకో పద్దు. ఇలాంటి చోటుకు సంతకం పెట్టబోయే ఎవరైనా ఈ చివరి పద్దు రేటు రాతపూర్వకంగా అడగడం మంచిది. ఇవాళ అవసరం లేదని వదిలేసేది అదే, రేపు పెరిగేదీ అదే.

మాస్టారు ఇవన్నీ అడుగుతుంటే ఆవిడ గదులు చూసొచ్చారు. బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. గుమ్మం దగ్గర మెట్టు లేదు. కిటికీలోంచి వేపచెట్టు కనిపిస్తోంది. వంటగదిలో ఇండక్షన్ పొయ్యి ఒక్కటే ఉంది, గ్యాసు పెట్టనివ్వరు. భోజనాల హాల్లో ఏడున్నరకే అందరూ తినేసి కుర్చీలు జరుపుతున్నారు. ఓ పెద్దాయన ఆవిడ వైపు చూసి ‘కొత్తగా వచ్చారా?’ అన్నాడు. ‘చూడ్డానికి వచ్చాం’ అన్నారు ఆవిడ. ‘మేమూ అలాగే వచ్చాం’ అని నవ్వాడాయన.

తిరుగు బస్సులో చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. మిర్యాలగూడ దాటాక మాస్టారే అన్నారు- ‘మూడు నెలలు ఉండి చూద్దాం. తెనాలి ఇల్లు అమ్మం. కింది వాటా అద్దెకిద్దాం, పైది తాళం వేసి ఉంచుదాం.’ ఆవిడ తలూపారు. పిల్లలకు చెబితే ముగ్గురూ మూడు రకాలుగా ఊపిరి పీల్చుకున్నారు. డబ్బు ఎవరు ఎంత వేయాలన్న దాని మీద చిన్న పేచీ వచ్చింది. పింఛను ఉంది, ముందు అది అయిపోనివ్వండన్నారు మాస్టారు.

ఒప్పందం కాయితాలు పోస్టులో వచ్చాయి. ఇంగ్లిషులో పద్దెనిమిది పేజీలు. మాస్టారు ఎర్రపెన్నుతో రెండు స్పెల్లింగు తప్పులు దిద్ది, సంతకం పెట్టే ముందు భార్యను అడిగారు- నువ్వడగాల్సిందేమైనా ఉందా అని. ఉంది. అప్పటికి ఉగాది దగ్గరపడుతోంది. మాస్టారు ఆ ప్రశ్నను తెలుగులోనే ఓ తెల్లకాయితం మీద రాసి, ఒప్పందానికి గుండుసూదితో గుచ్చి పంపారు. పదిరోజులకు జవాబు వచ్చింది, అదీ తెలుగులోనే, మేనేజరు స్వదస్తూరీతో:

‘అమ్మగారికి నమస్కారం. ఆవకాయ పెట్టుకోవచ్చు. ముక్కలు ఆరబెట్టుకోవడానికి డాబా తాళంచెవి సెక్యూరిటీ దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోగలరు. దీనికి విడిగా ఏమీ లేదు.’